బాగున్న పక్క

మా ఊళ్ళో ఎవరైనా పోతే ముందు దూరపు చుట్టాలకి ఫోన్లు వెళ్తాయి, తర్వాత పాడె కట్టేవాళ్ళకి, ఆ తర్వాత నాకు. పలాసకీ సోంపేటకీ మధ్య హైవేకి ఆనుకుని ఉన్న ఊరు మాది. బస్టాపు ఎదురుగా ఒక్క గది ఫోటో స్టూడియో నాది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిళ్ళు, ఆడపిల్లల సమర్త ఫంక్షన్లు, ఫ్లెక్సీలు అన్నీ చేస్తాను. ఆడదానివి శవాల దగ్గరికి వెళ్తావా అని మొదట్లో ఊరు ముక్కున వేలేసుకుంది. ఇప్పుడు నేను రాకపోతే శవం లేవదు.

మా వైపు ఫోటో తియ్యకుండా మనిషిని సాగనంపరు. పోయినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, దవడ జారకుండా తలకి గుడ్డ కట్టి, నుదుట ఇంత బొట్టు పెట్టి, మెళ్ళో దండ వేస్తారు. కొడుకులూ కోడళ్ళూ మనవలూ చుట్టూ నిలబడతారు. గుండెలు బాదుకుంటున్నవాళ్ళు కూడా ఒక్క నిమిషం ఆగి, ముక్కు తుడుచుకుని నా వైపు చూస్తారు. ఫోటో అయ్యాక మళ్ళీ అందుకుంటారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది గానీ నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్న ఈ రోజుల్లో కూడా ఆ ఒక్క ఫోటోకి నన్నే పిలుస్తారు. మొహం స్పష్టంగా కనబడాలి, అంతే వాళ్ళు అడిగేది. పదో రోజున దండ వేసేదీ, పెద్దలకి పెట్టుకున్నప్పుడు పళ్ళెం ముందు ఆనించేదీ ఆ ఫోటోనే.

మా నాన్నకి ఆ ఫోటో లేదు.

కొండ కింద మాకు చిన్న జీడితోట ఉంది. పెద్ద తుఫానుకి చాలా చెట్లు కూలిపోగా మిగిలినవి కొన్నే. పళ్ళ కాలంలో రాత్రి రాలిన పిక్కలు ఏరడానికి నాన్న చీకటితోనే వెళ్ళేవాడు. మగ్గిన జీడిపండు వాసన మనకే దూరం నుంచి తెలుస్తుంది, ఎలుగుబంట్లకి తెలియదా. కొండ మీద వాటికి తిండి తగ్గింది, తోటల్లో మాకు చెట్లు తగ్గాయి, ఉన్న నాలుగు చెట్ల కిందకే వాళ్ళూ వచ్చారు, మేమూ వెళ్ళాం. వాళ్ళు అంటున్నానని నవ్వకండి. ఎలుగుని 'అది' అనడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. శత్రువుని కూడా మనం మనిషిగానే అనుకుంటాం కదా.

ఒక పొద్దున నాన్న ఆ తోటలో ఎలుగుకి ఎదురుపడ్డాడు. మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పోలీసులొచ్చారు, అటవీ శాఖ వాళ్ళొచ్చారు, పంచనామాకి ఫోటోలు కావాలన్నారు. అలాంటి ఫోటోలు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తీసేది నేనే. వచ్చిన పోలీసాయన మంచివాడు. నువ్వొద్దమ్మా, పలాస నుంచి ఎవరినైనా పిలిపిస్తాను అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు మా నాన్న చుట్టూ తిరుగుతూ ఫ్లాష్ కొట్టడం నాకు ఇష్టం లేకపోయింది. నేనే తీసి, మెమరీ కార్డు ఆయన చేతిలో పెట్టేశాను. నా దగ్గర ఒక్కటీ ఉంచుకోలేదు. ఎలా తీశావే అని తర్వాత చాలామంది అడిగారు. కెమెరా కంటికి ఆనించుకుంటే చేతులు వణకవు, అదొక అలవాటు.

ఆస్పత్రి నుంచి నాన్నని తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. మొహం మీద కొత్త తువ్వాలు. అమ్మ ఆ తువ్వాలు తియ్యబోతే మా పెదనాన్న చెయ్యి పట్టుకున్నాడు. వద్దమ్మా, చూశావంటే నీ కళ్ళల్లో జన్మంతా అదే ఉండిపోతుంది అన్నాడు. ఊరి పెద్దలందరూ అదే మాట. అమ్మ చెయ్యి విదిలించుకుని, "నా మొగుడు. ఎలగున్నా నాను సూసుకుంటాను, మీకేటి?" అంది. నలుగురు ఆడవాళ్ళు ఆమెని పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. వాళ్ళు ప్రేమతోనే చేశారు, అందులో అనుమానం లేదు. ముప్పై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మనిషిని అమ్మ మొహం చూడకుండానే పంపించింది.

ఊరందరికీ ఫోటోలు తీసే నాకు నాన్న ఎప్పుడూ సరిగ్గా దొరకలేదు. కెమెరా చూస్తే చాలు, పనుందని తోటలోకి పోయేవాడు. అందుకని ఓటరు కార్డులో బొమ్మనే పెద్దది చేశాను. మచ్చలు తుడిచి, చొక్కాకి కాలరు అతికించి, వెనకాల నీలం రంగు పెట్టాను. గోడకి తగిలించాక అమ్మ చాలాసేపు చూసి, ఎవరో కరణంగారిలా ఉన్నాడని పక్కకి వెళ్ళిపోయింది. దానికి దండ వేస్తుంది, దీపం పెడుతుంది. దానితో మాట్లాడదు. పక్కింటావిడ తన మొగుడి ఫోటోతో రోజూ పోట్లాడుతుంది. మా అమ్మకి ఆ సుఖం కూడా లేకపోయింది.

నాన్న మొహం చివరిసారి చూసింది నేనని అమ్మకి తెలుసు. కానీ ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు. ఉండేది ఇద్దరమే. నా కాపురం సంగతి వేరే కథ, అది ఇక్కడ అనవసరం. ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే టీవీ చూసుకుంటూ, ఆ ఒక్క మాట మాత్రం ఎవరం ఎత్తకుండా ఏళ్ళు గడిపేశాం. అమ్మ అడుగుతుందేమోనని నాకు భయంగా ఉండేది. అడక్కుండానే పోతుందేమోనని ఇంకా భయంగా ఉండేది.

రోడ్డు మీద చచ్చి పడిన జంతువులకి కూడా నేను ఫోటోలు తీస్తాను, అది మొదలైంది ఇలా. మందస వైపు ఒక పెళ్ళి చేసి పొద్దున్నే స్కూటీ మీద తిరిగి వస్తున్నాను. హైవే మధ్యలో ఒక పునుగుపిల్లి పడి ఉంది. నా ముందు పోతున్న లారీ దాని మీదుగానే పోయింది. వెనకాల ఇంకొకటి వస్తోంది. రాత్రంతా పెళ్ళికూతురి జడనీ, పెళ్ళికొడుకు బూట్లనీ వందలకొద్దీ ఫోటోలు తీసి ఉన్నానేమో, దీనికి ఒక్కటైనా లేకుండా రోడ్డుకి అంటుకుపోతుందే అనిపించింది. బండి ఆపాను.

అప్పటినుంచి బండిలో ఒక గోనెసంచి, నీళ్ళ సీసా ఉంటాయి. కాలో తోకో పట్టుకుని ఈడ్వడం నాకు నచ్చదు. సంచి కింద పరిచి, దాని మీదకి జరిపి, రోడ్డు పక్క గడ్డిలోకి తెస్తాను. మూతికి మట్టి ఉంటే తుడిచి, కాసిని నీళ్ళు పోస్తాను. తర్వాత చుట్టూ తిరిగి చూస్తాను. చక్రం ఎక్కిన పక్క చూడలేం గానీ చాలాసార్లు రెండో పక్క బాగానే ఉంటుంది. పెళ్ళికూతుళ్ళకైనా అంతే. ప్రతి మొహానికీ ఒక పక్క బాగుంటుంది, అది వెతికి పట్టుకోవడమే నేను నేర్చుకున్న విద్య. దొరికాక నేల మీద బోర్లా పడుకుని, దాని కంటి ఎత్తులో కెమెరా పెట్టి తీస్తాను. నిలబడి పైనుంచి తీస్తే ఏదో చెత్త పడి ఉన్నట్టుంటుంది. కింద నుంచి తీస్తే ఎవరో అలిసిపోయి నిద్రపోతున్నట్టుంటుంది. ఆ తర్వాత నాలుగు రెమ్మలు విరిచి కప్పి వచ్చేస్తాను.

ముంగిసలు, జంగుపిల్లులు, గుడ్లగూబలు, జెర్రిపోతులు, చెరువు మారబోయి మధ్యలో ఆగిపోయిన తాబేళ్ళు. ఉడుములూ కుందేళ్ళూ మాత్రం నాకు దొరకవు. నేను వెళ్ళేలోపే కూరయిపోతాయి. దొరికినవాటికి తలా ఒక ప్రింటు తీసి స్టూడియో లోపలి గోడకి అంటిస్తాను. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్ళు నవ్వు మొహం పెట్టబోయి ఆ గోడ చూసి బిగుసుకుపోతారు. కొందరు, ఫోటోలు మాత్రం బాగా వచ్చాయి అంటారు. ఒకాయన మాత్రం, మా ఇంట్లో శుభకార్యం ఉంది, శకునం చూసుకోవాలి అని మెట్టు ఎక్కకుండానే వెనక్కి పోయాడు. పోనీ.

ఒకసారి ఒక నక్క. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ముక్కులోంచి సన్నని నెత్తుటి చార తప్ప ఒంటి మీద గీత లేదు. కానీ తోక లేదు. ఎవరో కత్తితో కోసుకుపోయారు. మనవాళ్ళకి ఎవడైనా నాలుగు రూపాయలు వెనకేసుకుంటే నక్క తోక తొక్కాడు అనడం అలవాటు. తొక్కితేనే అంత కలిసొస్తే, ఇంట్లో పెట్టుకుంటే ఇంకెంత కలిసొస్తుందో అనుకున్నాడు కాబోలు ఆ మహానుభావుడు. ఆ తోక ఉన్న నక్కకే కలిసిరాలేదురా నాయనా, నీకేం కలిసొస్తుంది. ఆ రోజు కోపంతో ఏడ్చాను, ఏడుస్తూనే తీశాను. ఆ ఫోటో కొంచెం కదిలింది.

అమ్మ నా పనిని మెచ్చుకోనూ లేదు, మానిపించనూ లేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మాత్రం వినబడేలా గొణిగేది. ఒక్క విషయంలో వదిలేది కాదు. శవం ఫోటో తీసి వస్తే పెరట్లో తలకి పోసుకునిగానీ గడప ఎక్కకూడదు, అది మాకు మొదటినుంచీ ఉన్నదే. జంతువుని ముట్టుకుని వచ్చిన రోజు కూడా బకెట్టు పెరట్లోనే పెట్టేది. మనిషి మైల సరే, ముంగిసకీ మైలేనా అని నేను వాదించాను. చలికాలం, మరి. అమ్మ చెంబు నా చేతికిచ్చి, "సావు సావేనే. సిన్నదీ పెద్దదీ ఉండదు" అంది. ఊళ్ళో ఎవరూ ఇవ్వని మర్యాద మా అమ్మ వాటికి ఇస్తోందని నాకు ఆ చన్నీళ్ళు పడ్డాకే తెలిసింది.

పోయిన వేసవిలో, జీడిపళ్ళ కాలంలోనే, పొద్దున కాఫీ తాగుతుంటే హైవే మీద టీ కొట్టు నడిపే ఆవిడ ఫోన్ చేసింది. రోడ్డు మీద ఏ జంతువు పడి ఉన్నా కబురు చెప్పేది ఆవిడే. ఈసారి గొంతు తగ్గించి, ఎలుగమ్మా, పెద్దది, నువ్వు రావేమోలే, ఊరికే చెప్పాను అంది. ఫోన్ పెట్టేసి చూస్తే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నా ఫోన్లో అవతలివాళ్ళు గొంతు తగ్గించినా వీధి చివరిదాకా వినబడుతుంది, దాచడానికేం లేదు.

నేను వెళ్ళను అన్నాను. అమ్మ చీర కొంగు దోపుకుంది. "పద. నానూ వస్తాను."

బండి మీద దారి పొడుగునా నా భుజం మీద ఆమె చెయ్యి బరువుగా ఉంది.

వెళ్ళేసరికి అక్కడ తిరునాళ్ళలా ఉంది. ఎలుగుల దెబ్బ తిన్న ఊళ్ళు మావి, పశువుల్ని పోగొట్టుకున్నవాళ్ళున్నారు, మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కాబట్టి వాళ్ళ సంబరాన్ని నేను తప్పు పట్టలేను. అమ్మని చూసి జనం దారి ఇచ్చారు. ఇదే, మీ ఆయన్ని చంపింది ఇదే అన్నారొకరు. అవునవును అన్నారు ఇంకొందరు. ఎలుగులకి కూడా ఆధార్ కార్డులిచ్చి ఉంటే తేలిపోయేది.

అది ఆడ ఎలుగు. రోడ్డు దాటుతుండగా ఏ బండి కొట్టిందో, ఎగిరి మట్టిలో పడింది. నల్లటి జుట్టంతా దుమ్ము. గుండెల మీద తెల్లటి చార. మూతికి జీడిపండు గుజ్జు ఇంకా తడిగానే ఉంది. ఒకాయన దాని డొక్క మీద కాలు పెట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎవరిచేతో ఫోన్లో ఫోటో తీయించుకుంటున్నాడు. నా నోట్లోంచి బూతు వచ్చేదే, అమ్మ ముందే అందుకుంది.

"కాలు తియ్యరా. సచ్చినదాని మీద కాలేటి?"

ఎవరైనా వేరేవాళ్ళు అంటే అతను ఊరుకునేవాడు కాదు. మా అమ్మ అనేసరికి కాలు తీసి, జనంలో వెనక్కి వెళ్ళిపోయాడు. అమ్మ ఎలుగు పక్కన గొంతుక్కూర్చుంది. ముందరి పంజా చాచి ఉంది, గోళ్ళు నా వేళ్ళంత పొడుగు. వాటినే చాలాసేపు చూసింది. చూపుడువేలితో ఒక గోరుని మొదలు నుంచి కొన దాకా తడిమింది. ఇలాంటివేనా అన్నట్టు నా వైపు చూసింది. నేను తలూపాను. ఆ జంతువు మీద జాలిపడాలో, దాని గోళ్ళని అసహ్యించుకోవాలో నాకు తెలియలేదు. రెండూ ఒకేసారి జరిగాయి. అలా జరగకూడదని ఎక్కడా లేదనుకుంటాను.

నువ్వు వద్దంటే ఫోటో తియ్యను అన్నాను. తియ్యి, వచ్చిన పని చేసుకో అన్నట్టు చెయ్యి ఊపింది.

అంత జంతువుని గోనెసంచి మీదకి జరపడం నా వల్ల కాదు. ఉన్నచోటే మూతి తుడిచాను, నీళ్ళు పోశాను. తల కుడివైపు పగిలిపోయి ఉంది, అటు చూడలేకపోయాను. చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చాను. అటు ఏమీ కాలేదు. చెవి మీద జుట్టు పిల్లిపిల్ల ఒంటిలా మెత్తగా లేచి ఉంది, కన్ను సగం మూసుకుని ఉంది. ఎప్పటిలాగే మట్టిలో బోర్లా పడుకుని తీశాను. లేచేసరికి అమ్మ నన్నే చూస్తోంది. నేను ఈ పని చేస్తుండగా ఆమె చూడడం అదే మొదటిసారి.

ఎందుకలా చుట్టూ తిరిగావని అడిగింది. ఇటు పక్క బాగుందమ్మా అని, కెమెరా వెనక తెర మీద చూపించాను. కొంగుతో ఎండ అడ్డం పెట్టుకుని చూసింది. తిండి తిని, చెట్టు నీడన కాస్త నడుం వాల్చినట్టుంది ఆ బొమ్మలో ఎలుగు. చిన్న దెబ్బ కూడా కనబడదు.

అమ్మ కెమెరా నాకు ఇచ్చేసి, రోడ్డు అంచున గడ్డిలో కూర్చుంది. పక్కనుంచి లారీలు పోతున్నాయి. ఎలుగు వైపు చూస్తూనే అడిగింది.

"మీ నాన్న మొగం ఎలగున్నాదే ఆ రోజు?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి నేను చాలా జవాబులు తయారుచేసుకుని ఉన్నాను. ప్రశాంతంగా ఉన్నాడని ఒకటి, నాకు గుర్తులేదని ఒకటి. అవన్నీ వదిలేసి, ఆమె పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కుడి పక్క ఏమీ మిగల్లేదమ్మా అన్నాను. అమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది, చెప్పు అంది. ఎడమ పక్క బాగానే ఉంది. కన్ను మూసుకుని ఉంది. బుగ్గ మీద గీత కూడా లేదు. మీసం దువ్వినట్టే ఉంది. చెవి మీద పెట్టుకున్న బీడీ పడిపోలేదు, అలాగే ఉంది.

"బీడీ ఉన్నాదా," అంది అమ్మ.

ఉందన్నాను. పోలీసాయన తియ్యబోతే నేనే వద్దన్నానని చెప్పాను.

అమ్మ నాలుగు గడ్డిపరకలు తెంపింది. నవ్వబోతున్నట్టు ఆమె పెదవి ఒక పక్కకి కదిలింది. తర్వాత మొహమంతా ఒక్కసారిగా ముడుచుకుపోయింది.

"అయితే నాకు ఆ పక్క సూపించొచ్చు కదే. తువ్వాలు సగం మడిస్తే సరిపోయీది."

నాన్న చుట్టూ ఆ రోజు ఎంతమంది పెద్దలున్నారో. నేనూ ఉన్నాను. ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. అమ్మ చేతిలో గడ్డి వదిలేసి నన్ను పట్టుకుంది. అటవీ శాఖ జీపు వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం.